బెల్టు ధర కాదు, పని ధర చూడండి

బెల్టు గ్రైండరు ఒకసారి కొంటాం, ఏళ్ళ తరబడి వాడుకుంటాం. ఎమరీ బెల్టులు అలా కాదు, అరిగినప్పుడల్లా కొంటూనే ఉండాలి. ఇంటి వెనక షెడ్డు వేసుకుని పనిచేసే మనిషి మిషను కోసం నాలుగు ఊళ్ళు తిరిగి బేరమాడతాడు. బెల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంగట్లో ఏది తక్కువకిస్తే అది పట్టుకొస్తాడు. డబ్బు కారిపోయేది అక్కడే.

లత్తేరి చుట్టుపక్కల ఇలాంటి షెడ్లకు పని కొదవ లేదు. కాట్పాడి నుంచి గుడియాత్తం దాకా పొలాలూ తోటలూ ఉన్నాయి, ఆ పొలాల్లో కొడవళ్ళూ, మచ్చుకత్తులూ, గొడ్డళ్ళూ ఉన్నాయి. అటు ఆంబూరు, వాణియంబాడి, ఇటు రాణిపేట తోలు పనికి పేరుపడ్డ ఊళ్ళు. తోలు కోసే రంపెలకూ, చెక్కే కత్తులకూ ఎప్పుడూ పదును కావాలి. పాత లారీ కమాను పట్టీ తెచ్చి వంటింటి కత్తులు చేద్దామనుకునే కుర్రాళ్ళున్నారు. పలమనేరు, చిత్తూరు వైపు నుంచి పనిముట్లు తెచ్చి సానబట్టించుకునే తెలుగు రైతులున్నారు. వీళ్ళందరికీ తక్కువ ఖర్చులో మంచి పని కావాలి. తక్కువ ఖర్చు అంటే తక్కువ ధర అని మాత్రం అనుకోకండి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

ముందు లెక్క నేర్చుకోండి

ఒక ఉదాహరణ వేసుకుందాం. వంద రూపాయల బెల్టు రెండు కత్తులకు వస్తుంది. మూడు వందల రూపాయల బెల్టు తొమ్మిది కత్తులకు వస్తుంది. మొదటిదానితో కత్తికి 50 రూపాయలు పడింది, రెండోదానితో 33 రూపాయల చిల్లర. పైగా మొదటిదానితో పని చేస్తే మధ్యమధ్య ఆపి బెల్టు మార్చాలి, మొద్దుబారిన బెల్టుతో ఇనుము వేడెక్కుతుంది, మీ సమయం పోతుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి మాత్రమే. మీ అంకెలు మీ షెడ్డులోనే తేలాలి.

అవి తేల్చుకోవడం కష్టం కాదు. వంటింటి డిజిటల్ తక్కెడ ఒకటి చాలు. ఒకే కమాను పట్టీ నుంచి ఒకే వెడల్పున్న ముక్కలు కోసి పెట్టుకోండి. ఒక ముక్కను తూచి, గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు కొత్త బెల్టు మీద నూరండి. చేతి ఒత్తిడి మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. నీళ్ళలో ముంచి ఉంటే తుడిచి ఆరబెట్టి మళ్ళీ తూయండి. తగ్గిన గ్రాములే ఆ బెల్టు తిన్న ఇనుము. ఇలా అయిదేసి నిమిషాల చొప్పున నూరుతూ ప్రతిసారీ రాసుకోండి. ఏ విడతలోనైనా గ్రాములు మొదటి విడతలో సగానికి పడిపోయాయంటే ముతకపనికి ఆ బెల్టు చెల్లిపోయినట్టే. అప్పటిదాకా తిన్న మొత్తం గ్రాములను బెల్టు ధరతో భాగించండి. రూపాయికి ఎన్ని గ్రాములో వస్తుంది. రెండు మూడు రకాల బెల్టులకు ఈ లెక్క కడితే మీ మిషనుకు, మీ చేతికి ఏది చవకో తేలిపోతుంది.

దొరికే కొలతకు తగ్గ మిషను

ఇంకా మిషను కొననివాళ్ళకు ఇది మొదటి మాట. కత్తులు చేసేవాళ్ళు ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవున్న బెల్టు. మిల్లీమీటర్లలో సుమారు 50 × 1829. మంచి కొలతే. పొడుగాటి బెల్టు తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువకాలం వస్తుంది. కానీ చిన్న ఊళ్ళ హార్డ్‌వేర్ అంగళ్ళలో ఎక్కువగా కనిపించేది వడ్రంగులు చేతిమిషన్లకు వాడే 100 × 610, 75 × 533 కొలతలే. టేబుల్ మీద పెట్టుకునే మిషన్లకు 100 × 915 వస్తుంది. మిషను మీరే చేయించుకుంటున్నా, కొంటున్నా, ముందు రెండు మూడు అంగళ్ళు తిరిగి ఏ కొలత బెల్టు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుందో చూడండి. అరుదైన కొలతకు కట్టుబడితే అమ్మేవాడు చెప్పిందే ధర అవుతుంది.

వెడల్పాటి గుడ్డ బెల్టును నిలువునా రెండుగా చేసుకోవచ్చు. అంచులో కత్తెరతో చిన్న గాటు పెట్టి గట్టిగా చింపితే నేతదారం వెంబడి దాదాపు తిన్నగా చినుగుతుంది. 100 × 915 బెల్టు ఒకటి కొంటే 50 × 915 బెల్టులు రెండు వస్తాయి. చింపిన అంచున వేలాడే దారాలను కత్తిరించేయండి. కాగితపు బెల్టుతో ఈ పని చేయకండి, అడ్డదిడ్డంగా పోతుంది.

నాలుగు రకాల రాయి

బెల్టు మీద ఇనుమును కోసేది రాయి పలుకు. పూర్వం మన ప్రాంతాల్లో కురువిందపు పొడిని లక్కతో కలిపి సానచక్రాలు చేసేవారు. ఈనాటి బెల్టుల్లో ఎక్కువ భాగానికి ఆ కురువిందం చుట్టమే, అల్యూమినియం ఆక్సైడ్. బాక్సైటును విద్యుత్ కొలిమిలో కరిగించి తయారుచేస్తారు. ధర తక్కువ, అన్ని పనులకూ పనికొస్తుంది, తేలికపాటి ఒత్తిడిలోనూ కోస్తుంది.

రెండోది సిలికాన్ కార్బైడ్. అమెరికాలో అచెసన్ 1891లో దీన్ని కనిపెట్టాడు. మన తిరుపతి దగ్గర రేణిగుంటలో గ్రైండ్‌వెల్ నార్టన్ సంస్థ దీన్ని తయారుచేసే కర్మాగారం పెట్టింది. నల్లగా, అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టిగా, పదునుగా ఉంటుంది. గాజు, రాయి, రబ్బరు, తోలు అంచులకు బాగుంటుంది. ఉక్కు మీద ముతకపనికి పెడితే త్వరగా విరిగి అరిగిపోతుంది. గట్టిరాయి కదా అని దీన్ని ఉక్కుకు కొనడం డబ్బు దండగ.

మూడోది జిర్కోనియా, నాలుగోది సిరామిక్. రెండూ బలమైన మిషన్ల కోసం పుట్టినవి. ముఖ్యంగా సిరామిక్ పలుకు ఒత్తిడికి సూక్ష్మమైన ముక్కలుగా విరిగి ఎప్పటికప్పుడు కొత్త అంచు బయటపెడుతుంది. అందుకే గట్టి ఉక్కు మీద దాన్ని మించింది లేదు. కానీ ఒత్తిడి చాలకపోతే ఆ పలుకు విరగదు. పైభాగం నున్నబడి మెరుస్తుంది, కోయడం మానేస్తుంది, ఇనుమును కాలుస్తుంది. అర హెచ్.పి. మోటారుకు ఖరీదైన సిరామిక్ బెల్టు తగిలించడం బక్కెద్దుకు పెద్ద మడక కట్టడం లాంటిది.

మీ మిషను ఏ రకానికి తగుతుందో తెలుసుకోవడానికి బెల్టు వేగం లెక్కకట్టండి. మోటారు చక్రం వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 60తో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. మన కరెంటు మీద వేగంగా తిరిగే మామూలు మోటారు నిమిషానికి 2,880 చుట్ల దాకా తిరుగుతుంది. దానికి 100 మిల్లీమీటర్ల చక్రం ఉంటే బెల్టు వేగం సెకనుకు 15 మీటర్లు. 200 మిల్లీమీటర్ల చక్రమైతే 30 మీటర్లు. ముతక సిరామిక్ బాగా పనిచేసేది 25 నుంచి 35 మీటర్ల మధ్య. చక్రం పెద్దదైతే మోటారు మీద భారమూ పెరుగుతుంది కాబట్టి చిన్న మోటారుకు పెద్ద చక్రం వేసి గట్టెక్కుదామంటే కుదరదు.

నా తీర్పు ఇది. ఒక హెచ్.పి. లోపు మోటారు, 15 మీటర్ల వేగం ఉన్నవాళ్ళు మంచి కంపెనీ అల్యూమినియం ఆక్సైడ్ బెల్టులే కొనండి. ఒకటిన్నర హెచ్.పి., ఆపైన ఉండి గట్టిగా ఒత్తినా వేగం తగ్గని మిషను ఉన్నవాళ్ళు ముతక నంబర్లలో మాత్రం సిరామిక్ కొనండి. నున్నటి నంబర్లలో ఎవరికైనా అల్యూమినియం ఆక్సైడ్ చాలు. అక్కడ తీసే ఇనుము తక్కువ, ఒత్తిడి తక్కువ, ఖరీదైన రాయికి చేసే పనే ఉండదు.

బెల్టు రంగు చూసి రాయి రకాన్ని తేల్చకండి. ఏ రంగైనా వేయడం తయారుచేసేవాడి ఇష్టం. వెనక అచ్చు చదవండి.

రాయి ఒక్కటే కాదు

ఈనాడు ప్రపంచమంతా తెలిసిన త్రీఎం కంపెనీ 1902లో అమెరికాలోని మిన్నెసోటాలో కురువిందం తవ్వడానికే పుట్టింది. తవ్వాక తేలింది, అది కురువిందమే కాదు, సానకు పనికిరాని వేరే రాయి. తర్వాత బయటినుంచి రాయి కొని ఎమరీ కాగితం చేయడం మొదలుపెట్టారు. 1914లో కొన్నవాళ్ళ నుంచి ఫిర్యాదులు వచ్చాయి, కాగితం మీది పలుకులు రాలిపోతున్నాయని. వెతికితే కారణం దొరికింది. స్పెయిన్ నుంచి ఓడలో వచ్చిన గార్నెట్ రాతి బస్తాల మీద, అదే ఓడలోని ఆలివ్ నూనె ఒలికింది. నూనె అంటిన పలుకును జిగురు పట్టుకోలేదు. ఆ దెబ్బతో వాళ్ళు సరుకును పరీక్షించడానికి 1916లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. పరీక్షించే అలవాటే ఆ కంపెనీని నిలబెట్టింది. ఇంట్లో పనిచేసే మనకు ఆ వంటింటి తక్కెడే ప్రయోగశాల.

రాయి మంచిదైనా జిగురు, గుడ్డ, అతుకు మంచివి కాకపోతే బెల్టు పనికిరాదని ఈ కథ చెబుతుంది. కొనేటప్పుడు ఈ మూడూ చూడండి.

జిగురు: రెసిన్‌తో అంటించిన బెల్టు వేడికి తట్టుకుంటుంది. పాతకాలపు జంతు జిగురు వేడికీ నీటికీ మెత్తబడుతుంది. బెల్టును చేతుల మధ్య వంచి చూడండి. పలుకులు జలజలా రాలితే పక్కన పెట్టేయండి.

గుడ్డ: వెనక అచ్చులో జె అని ఉంటే పల్చటి, వంగే గుడ్డ. కత్తి పిడి, గుండ్రటి అంచులకు అది కావాలి. ఎక్స్ అంటే దళసరి, మామూలు నూరుడుకు. వై అంటే ఇంకా దృఢమైన పాలిస్టరు, బలమైన మిషన్ల మీద ముతకపనికి. ఇంటి షెడ్డులో ఎక్కువ పని ఎక్స్‌తో జరిగిపోతుంది.

అతుకు: వేలితో తడిమితే అతుకు దగ్గర మెట్టు తగలకూడదు. తగిలితే ప్రతి చుట్టుకూ దెబ్బ కొడుతుంది, నూరిన చోట అలలు పడతాయి. ఒకదానిమీద ఒకటి పెట్టి అతికిన బెల్టు వెనక బాణం గుర్తు ఉంటుంది, ఆ దిక్కునే తిప్పాలి. టేపుతో అతికిన బెల్టు ఎటైనా తిరుగుతుంది. కానీ ఆ టేపు జిగురుకు ఆయుష్షు ఉంటుంది. అంగట్లో ఎండ తగిలే చోట ఏళ్ళ తరబడి వేలాడిన సరుకు సగం ధరకు ఇచ్చినా వద్దు. తిరుగుతూ తెగిన బెల్టు ముఖం మీద కొడుతుంది.

నంబర్ల మెట్లు

నంబరు పెరిగేకొద్దీ పలుకు చిన్నదవుతుంది. పి60లో పలుకు సుమారు 0.27 మిల్లీమీటర్లు, పి120లో 0.125, పి240లో 0.058, పి400లో 0.035. చూడండి, 60 నుంచి 120, అక్కడినుంచి 240, ప్రతి మెట్టుకూ పలుకు సగానికి దిగుతోంది. ఇలా సగం సగం దిగితే ఏ బెల్టుకూ అదనపు భారం పడదు. 60 తర్వాత నేరుగా 400కు దూకితే ముతక గీతలు చెరపలేక ఖరీదైన నున్నటి బెల్టు మొత్తం అరిగిపోతుంది. మధ్యలో అన్ని నంబర్లూ కొనడం కూడా దండగే.

పి అక్షరం యూరప్ కొలతను చెబుతుంది. పి లేని నంబరు అమెరికా కొలత కావచ్చు. ముతకలో రెండూ ఇంచుమించు ఒకటే గానీ నున్నటివాటిలో తేడా వస్తుంది. పి400, అమెరికా కొలతలో 320కి దగ్గర. రెండు కంపెనీల బెల్టులు కలిపి వాడేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

కత్తులు చేసేవాళ్ళ మొదటి కొనుగోలుకు పది బెల్టుల జాబితా ఇస్తాను. 60 నంబరు నాలుగు, 120 మూడు, 240 రెండు, 400 ఒకటి. ఇనుము తీసే భారమంతా 60 మీదే పడుతుంది కాబట్టి మంచి రకానికి డబ్బు అక్కడ పెట్టండి. కొడవళ్ళు, మచ్చుకత్తులు సానబట్టడం వరకే చేసేవాళ్ళకు 60తో పనే లేదు. 120 రెండు, 240 రెండు, 400 ఒకటి చాలు.

ఎక్కడ కొనాలి

ఎమరీ సరుకు తయారీలో పేరున్న కార్బొరండం యూనివర్సల్ 1954లో మొదలైన మురుగప్ప వారి సంస్థ, మన పక్కనున్న చెన్నైదే. కాబట్టి పేరున్న సరుకు కోసం మనం విదేశాలవైపు చూడనక్కర్లేదు. వేలూరు, గుడియాత్తం అంగళ్ళలో అడిగేటప్పుడు "ఎమరీ బెల్టు కావాలి" అని ఊరుకోకండి. కొలత, నంబరు, రాయి రకం, గుడ్డ రకం, నాలుగూ కాగితం మీద రాసి చూపించండి. అక్కడ లేకపోతే కాట్పాడిలో రైలెక్కితే చెన్నై. అక్కడి ప్యారీస్ ప్రాంతపు టోకు అంగళ్ళకు వెళ్ళేముందు ఫోను చేసి అడగండి. రోలు నుంచి మీరు చెప్పిన కొలతకు బెల్టులు అతికి ఇచ్చే డీలర్లుంటారు. ఒకే కొలతలో పది, ఇరవై కలిపి చేయించుకుంటే ధర దిగుతుంది. మీలాంటి షెడ్లవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి తెప్పించుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో మామూలు గమ్ముతో బెల్టు అతికే ప్రయత్నం మాత్రం చేయకండి. సెకనుకు 15 మీటర్ల వేగానికి ఆ అతుకు నిలవదు.

తోలు పరిశ్రమ ఉన్న చోట ఇంకో ఆకర్షణ ఉంటుంది. తోలు పైపొరను నున్నగా రుద్దే బఫింగ్ కాగితం మిగులు ముక్కలు చవకగా దొరకవచ్చు. అది తోలు కోసం చేసిన కాగితం. ఉక్కు అంచుకూ వేడికీ తట్టుకోదు, చినిగి ఎగురుతుంది. పిడి చెక్కను చేత్తో రుద్దుకోవడానికి వాడుకోండి. మిషనుకు మాత్రం ఎక్కించకండి.

కొన్నదాన్ని నిలబెట్టుకోండి

కొత్త బెల్టును చంపేది ఇనుము పదునైన మూల. కోసిన పట్టీని నేరుగా కొత్త బెల్టుకు ఆనిస్తే ఆ మూల పలుకులను గీరేస్తుంది. ముందు పాత బెల్టు మీద మూలలు రెండువైపులా ఏటవాలుగా విరచండి, తర్వాతే కొత్తది ఎక్కించండి. కొలిమిలో కాల్చిన ఇనుము మీద నల్లటి పొక్కు ఉంటుంది, అది ఇనుము కన్నా గట్టిది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి రుద్దితే ఊడిపోతుంది. కమాను పట్టీ మీది రంగు, తుప్పు, గ్రీజు ముందే వదిలించండి.

చెక్క, రబ్బరు, అల్యూమినియం నూరినప్పుడు పలుకుల మధ్య పొడి ఇరుక్కుంటుంది. బెల్టు తిరుగుతుండగా క్రేప్ రబ్బరు ముక్కను ఆనిస్తే ఆ పొడి బయటికి వస్తుంది. చెప్పుల ఊళ్ళ పక్కన ఉన్నాం, పాత క్రేప్ సోలు దొరకడం కష్టం కాదు. ఇరుక్కున్న బెల్టును రబ్బరు బాగుచేస్తుంది గానీ, పలుకు అరిగిన బెల్టును బాగుచేయదు.

బెల్టులను మేకుకు తగిలించకండి, మడత పడిన చోట తెగుతుంది. లావుపాటి పీవీసీ గొట్టం ముక్క గోడకు బిగించి దానిమీద వేయండి. మే నెలలో వేలూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఐప్పసి నెల వానల్లో గోడలు చెమ్మగిల్లుతాయి. రేకుల షెడ్డులో రెండూ బెల్టుకు చెరుపే. వాడుకలో ఉన్నవి బయట ఉంచి మిగతావి ఇంట్లో, నేలకూ గోడకూ తగలకుండా దాచండి. నూనె డబ్బాల పక్కన వద్దు.

పొదుపు చేయకూడని చోటు

అరిగిన బెల్టుతో టెంపర్ చేసిన కత్తిని నూరితే అంచు నీలిరంగుకు తిరుగుతుంది. నీలం వచ్చిందంటే సుమారు 300 డిగ్రీలు తగిలినట్టు. ఆ చోట ఉక్కు మెత్తబడింది, ఇక పదును నిలవదు. బెల్టు మీద మిగుల్చుకున్న పది రూపాయలకు రోజంతా చేసిన కత్తి పోయింది. టెంపర్ తర్వాత చేసే నూరుడుకు ఎప్పుడూ పదునున్న బెల్టే వాడండి, చేతికి వేడి తగలగానే నీళ్ళలో ముంచండి.

కళ్ళద్దాలు, మంచి మాస్కు లేకుండా స్విచ్చి వేయవద్దు. వదులు చొక్కా, తువ్వాలు, చేతి గ్లౌజులు బెల్టుకు చిక్కుతాయి. చెక్కపొడి పోగైన చోట ఇనుము నూరకండి, అల్యూమినియం పొడి ఉన్న చోట అసలే వద్దు. గుడియాత్తం అగ్గిపెట్టెలు చేసే ఊరు. నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో ఈ ప్రాంతంవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. పని మార్చినప్పుడల్లా ఊడ్చి, తుడిచి, అప్పుడు మొదలుపెట్టండి.

ఈ వారం చేయవలసినవి

1. మీ మోటారు హెచ్.పి., చక్రం వ్యాసం, చుట్లు రాసుకుని బెల్టు వేగం లెక్కకట్టండి.

2. మీ దగ్గరున్న బెల్టుల వెనక అచ్చు చదివి రాయి, గుడ్డ, నంబరు వారీగా విడదీయండి. అచ్చు లేనివి, అతుకు ఎండినవి తీసేయండి.

3. 60 నంబరులో రెండు రకాల బెల్టులు ఒక్కొక్కటి కొని తక్కెడ పరీక్ష చేయండి. సానబట్టడం వరకే చేసేవాళ్ళు ఇదే పరీక్ష 120తో చేయండి.

4. ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, బెల్టు, ధర, చేసిన పని, నాలుగే గడులు. మూడు నెలల తర్వాత చదవండి.

ఆ పుస్తకం బెల్టుల దగ్గరే ఆగదు. డ్రిల్లు బిట్టు కొన్నా, రంపపు ఆకు కొన్నా, వెల్డింగు రాడ్డు కొన్నా మీ నోటినుంచి వచ్చే మొదటి ప్రశ్న మారుతుంది. "ఎంత?" అని అడిగే చోట "ఎంత పనికి వస్తుంది?" అని అడుగుతారు. చేతిపనితో నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవాడికి ఈ ప్రశ్న అలవాటు కావడం మిషను కన్నా పెద్ద ఆస్తి. ఎవరో చెప్పారని, నేను చెప్పానని కూడా ఏ బెల్టూ కొనకండి. తూచి, రాసి, లెక్కచూసి కొనండి.